పది నల్ల చొక్కాలు, ఒక తెల్ల బండి: వరంగల్‌లో చిన్న బడ్జెట్ గ్యాంగ్‌స్టర్ సినిమా తీయడం ఎలా

నల్ల చొక్కాల కుర్రాళ్లు పదిమంది తెల్ల బండి దిగుతారు. తలుపులన్నీ ఒకేసారి తెరుచుకుంటాయి. దుమ్ము లేస్తుంది. ముందు బూట్లు, తర్వాత ఉంగరాల వేళ్లు, సిగరెట్ పొగ, చిట్టచివర నల్లకళ్లద్దాల ముఖం. వెనకనుంచి ఒక బృందం అతని పేరును మంత్రంలా జపిస్తూ ఉంటుంది. అతడు చేసే పని ఏమిటో, ఊరు అతనికి ఎందుకు భయపడుతుందో మాత్రం సినిమా అయిపోయినా తెలియదు.

చిన్న బడ్జెట్ గ్యాంగ్‌స్టర్ సినిమాలు చాలావరకు ఇలాగే చతికిలబడతాయి. డబ్బు లేకపోవడం వల్లే అని తీసినవారు చెబుతారు. నేను ఒప్పుకోను. యాభై కోట్ల సినిమా చేసే ఆర్భాటాన్ని ఐదు లక్షలతో చేయబోవడమే అసలు జబ్బు. ఆ ఆర్భాటం మానుకుంటే మిగిలే డబ్బుతో, అంతకన్నా ముఖ్యంగా మిగిలే సమయంతో, ఏం చేయాలో చెప్పడానికే ఈ వ్యాసం. హనుమకొండ, వరంగల్, కాజీపేట, కరీంనగర్, గోదావరిఖని ప్రాంతాల్లో నలుగురు స్నేహితులను కూడగట్టుకుని గంటా గంటన్నర సినిమా తీయాలనుకునేవారు దీన్ని కెమెరా అద్దెకు అడగకముందే చదవడం మంచిది.

1. ముందు డాన్ లెక్కల పుస్తకం రాయండి

కథ మొదలుపెట్టకముందే ఒక నోటుపుస్తకం కొని మీ డాన్ రాబడి ఎంతో, ఎలా వస్తుందో రాయండి. హాస్యానికి చెప్పడం లేదు. ‘దందా’, ‘సెటిల్‌మెంటు’, ‘మాఫియా’ అని పాత్రల చేత పలికించి వదిలేస్తే చూసేవాడి కంటికి ఏమీ ఆనదు. ఎవరి జేబులోంచి ఎంత తీస్తున్నాడో తెలిస్తేనే అతడు ప్రమాదకరమైన మనిషి అవుతాడు.

గిరిగిరి వ్యాపారం, అంటే రోజువారీ వసూలు అప్పులు, తీసుకోండి. మన బజార్లలో దాన్ని ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. కాగితం మీద అప్పు రూ.10,000 అనుకుందాం, చేతికిచ్చేది రూ.8,500. రోజుకు రూ.100 చొప్పున 100 రోజులు కట్టాలి. ఇలాంటి ఖాతాలు 60 ఉంటే రోజు వసూలు రూ.6,000. ఒక కుర్రాడు మోటారు సైకిల్ మీద సాయంత్రంలోగా ఎన్ని దుకాణాలు చుట్టగలడు? ముప్పై అనుకుంటే ఇద్దరు చాలు. చూశారా, నల్ల చొక్కాలు పది నుంచి రెండుకు వచ్చాయి, భోజనాల ఖర్చూ తగ్గింది. పైగా ఆ ఇద్దరికీ ఇప్పుడొక దారి ఉంది, వేళ ఉంది, సాయంత్రానికి కాళ్లనొప్పి ఉంది. పుస్తకంలో ఒక పేరుకు ఎదురుగా వరసగా నాలుగు గడులు ఖాళీగా కనిపించిన రోజున మీ కథ మొదలవుతుంది. ఆ పుస్తకాన్నే తెర మీద కనిపించే సామానుగా (ప్రాపర్టీగా) వాడండి. అంచులు నలిగి, వేలిముద్రలు పడి, టీ మరక అంటిన పుస్తకం తెర మీద తుపాకీ కన్నా భయపెడుతుంది.

అప్పుల కథ వద్దనుకుంటే మరొకటి చూసుకోండి. ఎప్పుడో సాదాబైనామా (రిజిస్టరు చేయని తెల్లకాగితపు ఒప్పందం) మీద కొన్న భూమి, ధర పెరిగాక అమ్మినవాడి కొడుకు అడ్డం తిరగడం. రాత్రిపూట మానేరు ఇసుక లారీలు. జగిత్యాల, నిజామాబాద్ వైపు గల్ఫ్ వీసా పేరుతో డబ్బు తీసుకుని ముఖం చాటేసే ఏజెంటు. ఏదైనా ఒక్కటే ఎంచుకోండి. ఒకే మనిషి చేత ఇసుక, భూములు, మత్తుమందులు, ఆయుధాలు అన్నీ చేయిస్తే ఏ ఒక్కదాని మీదా నమ్మకం కలగదు. సముద్రమే లేని వరంగల్‌లో కూర్చుని ఓడరేవులో దిగే కంటెయినర్ల గురించి గర్జించే విలన్‌ను దయచేసి ఇకనైనా వదిలేయండి.

ఒక జాగ్రత్త. మీకు తెలిసిన నిజమైన మనిషి కథను పేరు మార్చి దించకండి. ఊరు చిన్నది. వివరాలను బట్టే జనం గుర్తుపడతారు, పరువునష్టం నోటీసు వస్తుంది.

2. బెదిరింపును డైలాగుల్లోంచి తీసేయండి

స్క్రిప్టులో ‘నేనెవరో తెలుసా’, ‘నా పేరు వింటే’ అన్న వాక్యాలు ఎన్ని ఉన్నాయో వెతికి అన్నింటినీ కొట్టేయండి. నిజంగా బలమున్నవాడికి ఆ ప్రశ్న అడగాల్సిన పని ఉండదు. వాటి స్థానంలో ఇలాంటి సన్నివేశం ఒకటి రాసి చూడండి.

టీ కొట్టు. వసూలు కుర్రాడు వస్తాడు. బాకీ ఊసెత్తడు, టీ చెబుతాడు. బల్ల మీద హోంవర్కు చేసుకుంటున్న పాపను “ఏ బడి తల్లీ?” అని అడుగుతాడు. పాప చెబుతుంది. “ఎన్నింటికి వదులుతారు?” అంటాడు. అదీ చెబుతుంది, ముద్దుగా. గిన్నెలోంచి టీ వడపోస్తున్న తండ్రి చెయ్యి మధ్యలో ఆగిపోతుంది. కుర్రాడు టీ డబ్బులు సరిగ్గా లెక్కపెట్టి బల్ల మీద ఉంచి వెళ్లిపోతాడు. ఈ సన్నివేశానికి ఒక గది, ముగ్గురు నటులు, ఒక పూట చాలు. ఇక్కడ అయ్యే ఖర్చల్లా పాప చేత సహజంగా మాట్లాడించడానికి పట్టే ఓపికే.

మన దగ్గర దౌర్జన్యం కూడా వరసలు కలుపుకునే మాట్లాడుతుంది. భూమి లాక్కునేవాడు ఆ ముసలాయనను “బాపూ” అనే పిలుస్తాడు, మంచినీళ్లు తెప్పిస్తాడు, మోకాళ్ల నొప్పి ఎలా ఉందని అడుగుతాడు. పెద్దాయనను అరేయ్ తురేయ్ అనే డాన్ సినిమాల్లో మాత్రమే ఉంటాడు.

యాస విషయంలో ఇంకో పాత రోగం ఉంది. కథ హనుమకొండలోనే జరుగుతుంది, కానీ హీరో, హీరోయిన్లు పుస్తక భాషలో మాట్లాడతారు. తెలంగాణ మాట రౌడీకి, హాస్యగాడికి మాత్రమే దక్కుతుంది. మరి వీళ్లంతా ఒకే వీధిలో పెరిగారంటే ఎవరు నమ్ముతారు? డైలాగు కాగితం నటుడికి ఒకసారి చదివి వినిపించండి, తర్వాత కాగితం లాగేసుకుని ఆ సంగతినే ఇంట్లో ఎలా చెబుతాడో చెప్పమనండి. హైదరాబాదు పాతబస్తీ హిందీ కలిసిన మాటతీరును భూపాలపల్లి మనిషికి తగిలించకండి.

హీరోయిన్ పాత్ర గురించి ఒకే మాట. ఆమెకు చేయడానికి పనేమీ లేకపోతే పాత్రనే తీసేయండి, లేదా ఆ లెక్కల పుస్తకం ఆమె చేతిలో పెట్టండి. డాన్ అక్కో భార్యో వసూళ్ల లెక్క చూస్తుందంటే కథకు ఒక్కసారిగా కొత్త కోణం వస్తుంది.

3. పోలీసుల సంగతి సరిచూసుకోండి

‘302 కింద లోపలేస్తా’ అని ఎస్సై అరుస్తున్నాడా? కథ ఏ సంవత్సరంలో జరుగుతుందో చూడండి. 2024 జులై 1 నుంచి పాత శిక్షాస్మృతి (ఐపీసీ) స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. హత్యకు శిక్ష చెప్పే సెక్షన్ ఇప్పుడు 103. హత్యాయత్నం 307 నుంచి 109కి, మోసం 420 నుంచి 318కి మారాయి. కొత్త చట్టంలో 302 అంటే మతపరమైన మనోభావాలు గాయపడేలా కావాలని మాట్లాడటం. హాల్లో ఒక్క లా విద్యార్థి ఉన్నా మీ ఎస్సై ఆవేశమంతా నవ్వులపాలే.

చట్టంలోనే మీకు కావలసిన నాటకం బోలెడు ఉంది, దాన్ని ఎవరూ వాడుకోరు. రౌడీషీటు ఉన్నవాడిని స్టేషనుకు పిలిపించి కూర్చోబెడతారు. ఎన్నికలకో పండగలకో ముందు తహసీల్దారు ఎదుట బైండోవర్ చేస్తారు. బుద్ధిగా ఉంటానని పూచీ రాసివ్వాలి. ముదిరితే 1986 నాటి పీడీ యాక్టు (ముందస్తు నిర్బంధ చట్టం) కింద విచారణ లేకుండానే 12 నెలల వరకు నిర్బంధించవచ్చు. ఇప్పుడు ఊహించండి. ఊరంతా గడగడలాడే మీ డాన్ తహసీల్దారు కార్యాలయం వరండాలో, చేతులు కట్టుకుని, తన వంతు కోసం నిలబడ్డాడు. పక్కనే పాసుపుస్తకం కోసం వచ్చిన రైతు. ఇతడు లాక్కున్నది ఆ రైతు భూమే. ఇద్దరి మధ్యా ఖాళీ కుర్చీ ఒక్కటే ఉంది. ఎవరు కూర్చుంటారు? నేనైతే క్లైమాక్సు ఫైటు తీసేసి దీన్నే పెట్టుకుంటాను.

4. ఊరిని వాడుకోండి, పోస్టరుగా కాదు

లొకేషన్ అనగానే అందరి కళ్లూ ఖిలా వరంగల్ తోరణాల మీద పడతాయి. ఖిలా, వేయిస్తంభాల గుడి, 2021లో యునెస్కో గుర్తింపు పొందిన రామప్ప ఇవన్నీ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. సినిమా తీయాలంటే ముందుగా దరఖాస్తు పెట్టి, రుసుము కట్టి, అనుమతి తెచ్చుకోవాలి. సరే, తెచ్చుకున్నారే అనుకోండి. అప్పులు వసూలు చేసుకునే మనిషికి తోరణం దగ్గర ఏం పని? అతడు మండిబజారు హోటల్లోనో, పోచమ్మమైదాన్ దుకాణం మెట్ల మీదో కూర్చుంటాడు. కాజీపేట, వరంగల్ స్టేషన్లలో చిత్రీకరణకు రైల్వే అనుమతి కావాలి. దానికి బదులు పట్టాల దగ్గరి ఇంటి మేడ మీద సన్నివేశం పెట్టుకుని, మాటల మధ్యలోంచి రైలు చప్పుడు పోనివ్వండి. ఊరు తెలిసిపోతుంది.

ఎనుమాముల మార్కెట్ యార్డు లాంటి చోటు దొరికితే వదలకండి, మార్కెట్ కమిటీ అనుమతితోనే. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి బస్తాలు కొండల్లా పేరుకుంటాయి. అడ్తిదారులు (కమీషన్ వ్యాపారులు), దడవాయిలు (తూకం వేసేవారు), హమాలీలు, ఎర్రని నేల, గొంతు పట్టేసే ఘాటు. ఆ రంగును ఏ కళాదర్శకుడూ లక్షలు పోసినా తేలేడు. అయితే ఆ ఘాటుకు నటులు డైలాగు మధ్యలో దగ్గుతారు, కళ్లు ఎర్రబడతాయి. కాబట్టి దగ్గును సన్నివేశంలో కలిపేయండి. పట్నం నుంచి వచ్చిన కొత్త ఎస్సై మాత్రమే దగ్గుతూ, డాన్ హాయిగా ఊపిరి పీలుస్తుంటే, ఎవరిది ఊరో వేరే చెప్పనక్కర్లేదు. జరుగుతున్న కాంటాలను మాత్రం ఆపించకండి. రైతు రాత్రంతా బండి మీద వచ్చి ఉంటాడు, మీ షాటు కోసం ఆగాల్సిన అవసరం అతనికి లేదు. సెలవు రోజు చూసుకోండి.

కారు ఛేజింగ్ ఆలోచన మానుకోండి. రోడ్డు మూయించలేరు, బీమా ఉండదు, ఎవరికైనా తగిలితే సినిమా కన్నా పెద్ద కథ అవుతుంది. పత్తి వచ్చే రోజుల్లో మార్కెట్ దారిలో ట్రాక్టర్లు, డీసీఎంలు బారులు తీరతాయి. ఆ వరస మధ్య కాలినడకన వెంటాడటం పెట్టండి. బండ్లు ఆగే ఉంటాయి, పరుగెత్తేది మనుషులే, ప్రతి రెండు బండ్ల సందులోనూ ఉత్కంఠ ఉంటుంది.

పోలీసులకు లిఖితపూర్వకంగా తెలియజేయడం మరవకండి. తేదీలు, వేళలు, స్థలం, ఎందరు మనుషులు, ఎన్ని నకిలీ ఆయుధాలు అన్నీ రాసి, స్టేషన్‌లో ఇచ్చినట్టు ముద్ర వేయించుకున్న ప్రతిని జేబులో పెట్టుకోండి. రాత్రి పదకొండింటికి నయీంనగర్ సందులో కత్తులతో పరుగెత్తే ఆరుగురిని చూసి ఎవరో ఒకరు 100కు ఫోను చేస్తారు. చేయాలి కూడా.

కాలం విషయానికొస్తే నవంబరు నుంచి జనవరి వరకు మేలు. మే నెలలో రామగుండం వైపు 45 డిగ్రీల ఎండలో నల్ల చొక్కా వేసుకుని కొట్లాడమంటే నటుడి కన్నా ముందు కెమెరా సొమ్మసిల్లుతుంది. చలికాలంలో ఆరులోపే వెలుతురు పోతుంది కాబట్టి పగటి సన్నివేశాలను ఉదయం ఆరున్నరకే మొదలుపెట్టండి. హైదరాబాదు కృష్ణానగర్ నుంచి కెమెరా, లైట్లు తెచ్చేవారు ఒక లెక్క వేసుకోవాలి. దారి సుమారు 145 కిలోమీటర్లు, రానుపోను రోజులకూ అద్దె పడుతుంది. విడతలు విడతలుగా తెప్పించకుండా, పరికరం అవసరమైన సన్నివేశాలన్నీ ఒకే దఫాలో పూర్తిచేయండి.

5. ఒక్క తుపాకీ, ఒక్కసారి

ఈ ప్రాంతంలో నడివయసు దాటినవారు 1980, 90 దశకాల్లో నక్సలైటు ఉద్యమాన్నీ, పోలీసు గాలింపులనూ దగ్గరగా చూసినవారు. అసలు తుపాకీ భుజానికి తగిలించుకున్న మనిషి ఎలా నడుస్తాడో వారికి తెలుసు. అలాంటి ప్రేక్షకుడి ముందు ప్లాస్టిక్ పిస్తోలును కర్చీఫులా ఊపితే నవ్వకుండా ఎలా ఉంటాడు?

సినిమా మొత్తానికి ఒకే తుపాకీ పెట్టుకోండి. రెండుసార్లు కనిపించాలి, ఒకసారి పేలాలి. నకిలీ తుపాకీ లోపల సీసపు ముక్కలు నింపి బరువు పెంచండి, అప్పుడు నటుడి మణికట్టు తనంతట తానే సరిగ్గా వంగుతుంది. కాల్చేదాకా వేలు ట్రిగ్గరు మీద పడకూడదు. రివాల్వరైతే సాధారణంగా ఆరు తూటాలే, ఏడోది పేల్చకండి. రివాల్వరు పేలినప్పుడు ఖాళీ తొడుగు బయటికి ఎగరదు, పిస్తోలుకైతే ఎగురుతుంది. రెండింటినీ కలగలిపిన సినిమాలు కోకొల్లలు.

శబ్దం మాత్రమే వచ్చే ఉత్తుత్తి తూటాల జోలికి, వాటిని పేల్చే తుపాకుల జోలికి అసలు పోవద్దు. 1993లో అమెరికాలో నటుడు బ్రాండన్ లీ, 2021లో న్యూమెక్సికోలో ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్ షూటింగుల్లోనే తుపాకీ పేలి చనిపోయారు. నిపుణులున్న పెద్ద యూనిట్లకే అలా జరిగింది. మీరు తూటా పట్టని నకిలీ తుపాకీనే వాడి, మెరుపును ఎడిటింగులో ఒకటి రెండు ఫ్రేములు కలపండి. నటుడి ముఖం మీద, పక్క గోడ మీద కూడా ఆ వెలుగు పడాలి. అది పడకే చాలా సినిమాల్లో తుపాకీ మెరుపు స్టిక్కరులా కనిపిస్తుంది. అసలు తుపాకీని, అది లైసెన్సు ఉన్న బంధువుదే అయినా, సెట్టుకు రానివ్వకండి.

వేటకొడవళ్లు మన కథలో ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. రాయలసీమ ఫ్యాక్షన్ సినిమాల నుంచి అలవాటుగా వచ్చి పడ్డాయి. మిర్చి మార్కెట్లో గొడవైతే చేతికి దొరికేది బస్తాలు లాగే ఇనుప కొక్కెం. దాని నకలు రబ్బరుతో చేయించండి.

6. ఫైటు: ఇరుకు సందు వెతకండి

చిన్న సినిమాల ఫైట్లలో కొట్టొచ్చినట్టు కనిపించే లోపం ఒకటే. హీరో ఒకడిని కొడుతుంటే మిగతా తొమ్మిదిమంది చుట్టూ నిలబడి తమ వంతు కోసం ఎదురుచూస్తుంటారు, రేషన్ దుకాణం ముందు వరసలో నిలబడ్డట్టు. దీనికి ఫైట్ మాస్టర్ కన్నా చోటే మంచి మందు. మనిషికి మనిషి ఒరుసుకుపోయే సందు, మేడమెట్లు, బస్తాల వరసల మధ్య దారి వెతకండి. అక్కడ నిజంగానే ఒక్కొక్కడే రాగలడు. ముగ్గురు ప్రత్యర్థులు చాలు. మొదటివాడు మెట్ల మీద పడితే రెండోవాడు వాడిని దాటుకుని రావాలి. ఆ దాటే క్షణంలో హీరోకు ఊపిరి అందుతుంది, మనకూ అందుతుంది.

ఇక రిహార్సలు. ఎనిమిది కదలికలకు మించని ఫైటు రాసుకోండి. అరలక్ష పెట్టి క్రేను తెప్పించేకన్నా వారం ముందునుంచి రోజూ సాయంత్రం అదే సందులో, అవే చెప్పులతో, నెమ్మదిగా సాధన చేయించండి. ప్రతిసారీ ఫోనులో తీసి చూసుకోండి. షూటింగు రోజున వేగం పెంచాలే తప్ప కొత్త దెబ్బ కలపకూడదు. గాయాలన్నీ అప్పటికప్పుడు తోచిన ‘ఇంకో దెబ్బ’ దగ్గరే అవుతాయి. ప్రథమ చికిత్స పెట్టె, ఐసు, ఎంజీఎం ఆసుపత్రికి వెళ్లడానికి తాళం చెవి పెట్టి ఉంచిన ఒక బండి, ఈ మూడూ లేకుండా క్లాపు కొట్టకండి.

దెబ్బ తగిలినట్టు కనిపించడం కెమెరా నిలబడే చోటును బట్టి ఉంటుంది. కొట్టేవాడి భుజం వెనక నుంచి, లేదా దెబ్బ తినేవాడి వెనక నుంచి చూస్తే పిడికిలి ముఖానికి జానెడు దూరంలోంచి పోయినా తగిలినట్టే ఉంటుంది. పక్కనుంచి చూస్తే మధ్యనున్న ఖాళీ బయటపడుతుంది. 85 మిల్లీమీటర్ల లాంటి పొడుగు లెన్సు వాడి దూరంగా జరిగితే ఆ ఖాళీ ఇంకా కుదించుకుపోతుంది. అసలు పని దెబ్బ తినేవాడిదే. పిడికిలి దాటిన క్షణంలోనే తల తిరగాలి, తర్వాత భుజం, తర్వాత కాళ్లు. తల, కాళ్లు ఒకేసారి కదిలితే అది నాట్యం.

ఇద్దరి మధ్య ఒక గీత ఊహించుకుని, కెమెరాను ఎప్పుడూ దానికి ఒకే పక్కన ఉంచండి. ఒక షాటులో కుడివైపు చూస్తున్న హీరో తర్వాతి షాటులో ఎడమవైపు చూస్తే ఎవరు ఎవరిని కొడుతున్నారో అర్థం కాదు. కెమెరాను గజగజ ఊపడం వేగం కాదు. రిహార్సలు చేయలేదని ఒప్పుకోవడం.

మాస్టర్ షాటులో ఫైటంతా ఒకసారి తీసి, తర్వాత నాలుగైదు ముక్కలకే దగ్గరి షాట్లు తీయండి. ప్రతి దెబ్బకూ ఒక కట్ అవసరం లేదు. దెబ్బ దగ్గర కట్ చేసేటప్పుడు రెండు మూడు ఫ్రేములు అటూ ఇటూ జరిపి చూడండి. సెకనుకు 24 ఫ్రేముల్లో రెండంటే సెకనులో పన్నెండో వంతు. ఆ కాస్త తేడాకే దెబ్బ బరువు మారిపోతుంది.

ఫైటు అయ్యాక ఏం జరిగింది? ఇదే అందరూ మరిచే మాట. పెదవి చిట్లినవాడు తర్వాతి సన్నివేశంలో అన్నం తినేటప్పుడు కారం తగిలి ముఖం చిట్లించాలి. మణికట్టు బెణికినవాడు బండి స్టార్ట్ చేయలేకపోవాలి. ఇరవైమందిని కొట్టి జుట్టు చెరగని హీరోకన్నా, ఇద్దరిని కొట్టి మెట్ల మీద కూలబడి ఆయాసపడే మనిషి పక్షాన మనం నిలబడతాం. గాయం ఎక్కడ, ఏ రోజుకు ఎంత తగ్గింది అన్నది ఫొటోలు తీసి తేదీలతో పెట్టుకోండి. ఒకే చొక్కా మూడు కొనండి: శుభ్రంగా ఒకటి, మట్టి కొట్టుకుపోయింది ఒకటి, రక్తపు మరకలతో ఒకటి.

రక్తానికి బేకరీ సరుకుల దుకాణంలో దొరికే లిక్విడ్ గ్లూకోజు, తినే ఎర్ర రంగు, చిటికెడు కోకో పొడి. కోకో లేకపోతే గులాబీ షర్బత్‌లా కనిపిస్తుంది. ఆరిన రక్తానికి కోకో ఇంకాస్త పెంచాలి. చీమలు పడతాయి, తడిగుడ్డ దగ్గర పెట్టుకోండి.

స్లో మోషన్ మీద ఒక లెక్క చెప్పి ఫైటు సంగతి ముగిస్తాను. సెకనుకు 120 ఫ్రేముల్లో తీసి 24లో చూపిస్తే కాలం ఐదు రెట్లు సాగుతుంది. నాలుగు సెకన్ల నడక 20 సెకన్లు అవుతుంది. అలాంటివి పది పెడితే మూడు నిమిషాలకు పైగా మనుషులు నడవడమే చూస్తాం. అదీ కాక మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబులైటు సెకనుకు వందసార్లు వెలిగి ఆరుతుంది. మామూలు కంటికి తెలియదు కానీ 120 ఫ్రేముల్లో దృశ్యమంతా మినుకుమినుకుమంటుంది. కొన్ని ఎల్ఈడీలదీ ఇదే వరస. కాబట్టి స్లో మోషన్ ఎండలోనే, అదీ సినిమాకు ఒకటి. గోదాములో, దుకాణంలో తీసేటప్పుడు కెమెరా షట్టరు వేగాన్ని సెకనులో 1/50 వంతు దగ్గర ఉంచండి.

7. శబ్దానికి డబ్బు దాచండి

బొమ్మ కాస్త మసకబారినా జనం సర్దుకుంటారు. మాట వినిపించకపోతే ఫోను తీస్తారు. కెమెరాకు అంటుకుని ఉన్న మైకును నమ్మకండి. మంచి మైకు, దాన్ని నటుడి తలపైన పట్టుకునే ఓపికగల మనిషి, వేరే రికార్డరు, ఈ మూడింటికి కెమెరా అద్దెలో కొంత తగ్గించైనా సరే డబ్బు కేటాయించండి. ప్రతి చోటా పని ముగిశాక అందరినీ నిశ్శబ్దంగా నిలబెట్టి అర నిమిషం ఆ చోటు చప్పుడు రికార్డు చేయండి. డబ్బింగు చెప్పిన డైలాగు కింద అది పరిస్తే గొంతు గదిలోంచి వచ్చినట్టు ఉంటుంది. లేకపోతే బావిలోంచి వస్తుంది.

నెట్టులో ఉచితంగా దొరికే ‘డిష్యుం’ శబ్దాలను తీసేయండి. ఒక రాత్రి గది తలుపులు వేసుకుని మీరే తయారుచేసుకోండి. తడి గోనెసంచిని నేలకేసి కొడితే ఒళ్లు మీద పడ్డ దెబ్బ. క్యాబేజీని పిడికిలితో గుద్దితే దవడ. చెరకు ముక్క విరిస్తే ఎముక. అన్నీ కలిపి ఒక దెబ్బకు రెండు పొరలు వేయండి, మూడోది వద్దు. తుపాకీ పేలాక నేపథ్య సంగీతం తక్షణం మొదలుపెట్టకండి. చెవులు గింగురుమనే ఆ నాలుగు సెకన్లు అలాగే వదలండి, దూరంగా కుక్కలు మొరగనివ్వండి. చాలామంది కొత్త దర్శకులు రీరికార్డింగును మొదటి షాటు నుంచి చివరిదాకా ఆపకుండా మోగిస్తారు. అంతా గట్టిగా ఉన్నచోట ఏదీ గట్టిగా ఉండదు.

8. కోసేయండి, చూపించండి, సర్టిఫికెట్ తెచ్చుకోండి

మొదటి కూర్పు ఎంత వచ్చినా అందులో పదిహేను నిమిషాలు తీసేయండి. ముందుగా పోవలసినవి: డ్రోన్ షాట్లు, బండి దిగే షాట్లు, హాస్యం ట్రాకు, ప్రతి సన్నివేశం మొదట్లో పాత్రలు తలుపు తీసుకుని రావడం. తర్వాత మీ యూనిట్‌తో సంబంధం లేని కొందరికి చూపించండి. మిత్రులకు చూపిస్తే భుజం తడతారు, దానివల్ల ప్రయోజనం లేదు. ఒక హమాలీ, ఒక రిటైర్డు కానిస్టేబుల్, ఒక కిరాణా దుకాణందారు, ఒక కాలేజీ విద్యార్థిని, వీళ్లను కూర్చోబెట్టి తెర వైపు కాకుండా వాళ్ల వైపు చూడండి. ఎక్కడ ఫోను తీశారో రాసుకోండి. ‘ఎలా ఉంది?’ అని అడగకండి, మర్యాదకు బాగుందంటారు. ‘ఆ డాన్ డబ్బు ఎలా సంపాదిస్తాడు?’ అని అడగండి. నలుగురిలో ముగ్గురు సరిగ్గా చెప్పలేకపోతే మొదటి ఇరవై నిమిషాలు మళ్లీ కూర్చాలి.

థియేటర్లలో విడుదల చేయాలంటే సెన్సారు బోర్డు సర్టిఫికెట్ తప్పదు. దరఖాస్తు ఈ-సినీప్రమాణ్ పోర్టల్‌లో పెట్టాలి, ప్రాంతీయ కార్యాలయం హైదరాబాదులో ఉంది. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించాక యూఏ (పెద్దల మార్గదర్శకత్వంలో పిల్లలు చూడదగిన) వర్గాన్ని 7, 13, 16 ఏళ్లు పైబడినవారి కోసం మూడుగా విడగొట్టారు. రక్తం ఎంత చూపించాలో ఎడిటింగులోనే తేల్చుకుంటే, కోతలు పడ్డాక శబ్దం, సంగీతం మళ్లీ అతికించే ఖర్చు తప్పుతుంది. సిగరెట్ కనిపించిన ప్రతి చోటా తెర మీద హెచ్చరిక ఉండాలి, సినిమా మొదట్లోనూ మధ్యలోనూ పొగాకు వ్యతిరేక ప్రకటనలు వేయాలి. డాన్ చేతిలో సిగరెట్ లేకుండా చేస్తే ఇదంతా తప్పుతుంది, నటుడికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నేర్పితే చాలు. డాన్ పెంపుడు కుక్క లాంటి జంతువు ఉంటే జంతు సంక్షేమ బోర్డు అనుమతి షూటింగుకు ముందే తీసుకోవాలి. తర్వాత అడిగితే ఆ సన్నివేశం పోయినట్టే. సర్టిఫికెట్ వచ్చాక ఒక్క షాటు కలిపినా, తీసినా మళ్లీ బోర్డుకు తెలియజేయాల్సిందే. కాబట్టి ఆ చివరి మార్పులేవో ముందే చేసి, ఖరారైన కూర్పును రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లో ఎక్కించి, వాటిలో ఒకటి మీ ఇంట్లో కాకుండా వేరేచోట దాచాకే దరఖాస్తు నింపండి.